పెంచినవాడే తోలాలా?

మన పురాణాల్లో రథం తోలేవాడికి దొరికిన మర్యాద ఇంకెక్కడా దొరకలేదని నా అనుమానం. సాక్షాత్తూ దేవుడే పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. కూర్చోవడంతో సరిపెట్టలేదు కూడాను. సైంధవుణ్ణి చంపవలసిన రోజున గుర్రాలు డస్సిపోతే, యుద్ధం మధ్యలో రథం ఆపి, వాటిని విప్పి, ఒంట్లో దిగిన బాణాలు లాగి, నీళ్ళు పట్టి, ఒళ్ళు తోమి, మళ్ళీ కట్టాడు. అర్జునుడు నేలలోకి బాణం వేసి నీళ్ళు రప్పించాడే గాని గుర్రాల జోలికి పోలేదు. అది సారథి పని. నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో చేరి చేసిందీ ఇదే. లాయమూ ఆయనదే, పగ్గాలూ ఆయనవే. ఒక్క రోజులో విదర్భకు పోవాలంటే ఆయన ఏరి తెచ్చిన గుర్రాలను చూసి, ఈ బక్కవాటితోనా ప్రయాణం అని రాజు విసుక్కున్నాడు. పెంచినవాడికి తెలుస్తుంది గాని ఎక్కి కూర్చునేవాడికి ఏం తెలుస్తుంది! ఇక సారథికీ రథికుడికీ పడకపోతే ఏమవుతుందో చెప్పడానికి శల్యుడు ఉండనే ఉన్నాడు. ఆయన పేరు తెలుగులో తిట్టు కింద స్థిరపడిపోయింది.

గుర్రాన్ని మేపి, నడక నేర్పి, జబ్బు చేస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషే పందెం నాడు కూడా తోలాలా, లేక ఆ పూటకు చెయ్యి తిరిగిన మరో సారథికి పగ్గాలు ఇచ్చి తను గట్టు మీద నిలబడాలా అన్న ప్రశ్న మన పురాణాల్లో రాలేదు. అది వచ్చింది అమెరికాలో. వచ్చి సుమారు నూట యాభయ్యేళ్ళ పాటు ఆ దేశపు గుర్రాలవాళ్ళ బుర్రలు తిన్నది. ఇప్పటికీ తింటూనే ఉంది.

గుర్రప్పందాలంటే మనకు తెలిసినవి మలక్‌పేట పందాలు. అక్కడ గుర్రం మీద జాకీ కూర్చుంటాడు, గుర్రం దౌడు తీస్తుంది. జాకీ బరువు కిలోల లెక్కన తూచి మరీ ఎక్కిస్తారు. యాభై అయిదేళ్ళొచ్చి బొజ్జ పెరిగిన ట్రైనర్ తన గుర్రం తనే ఎక్కుతానంటే గుర్రం ముందు నవ్వుతుంది. కనుక అక్కడ ఈ తగాదా పుట్టే వీలే లేదు. ట్రైనర్ భూతద్దాల గొట్టం కళ్ళకు పెట్టుకుని నిలబడవలసిందే.

నేను చెప్పేది బండిగుర్రాల పందాల సంగతి. హార్నెస్ రేసింగ్ అంటారు. గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి కడతారు. దాని పేరు సల్కీ. మన జట్కాలోంచి గూడు, గడ్డి, నలుగురు ప్రయాణీకులను తీసేసి చక్రాలూ పోలుకర్రలూ మాత్రం మిగిల్చారనుకోండి, అదీ ఇంచుమించు. పందెంలో గుర్రం దౌడు తీయకూడదు. ట్రాట్ అనే నడకలో, అంటే ముందరి కుడికాలు వెనక ఎడమకాలితో కలిసి పడేటట్టు, పోవాలి. పేస్ అని ఇంకొకటి ఉంది, అందులో ఒకపక్క కాళ్ళు రెండూ కలిసి పడతాయి. ఆవేశం ఎక్కువై గుర్రం దౌడులోకి జారిందా, డ్రైవర్ దాన్ని వెనక్కి లాగి మళ్ళీ నడకలోకి తేవాలి. ఈలోగా అందరూ ముందుకు పోతారు. డ్రైవర్ బరువుతో ఇక్కడ పెద్ద పేచీ లేదు. బరువంతా చక్రాల మీద పడుతుంది గదా! అందువల్ల అరవై దాటినవాడు కూడా నిక్షేపంగా కూర్చుని తోలవచ్చు. అసలు చిక్కంతా ఇక్కడే పుట్టింది. తోలగలడు కనుక తోలాలా?

మొదట్లో ఈ పందాలు ట్రాకుల మీద కంటే రోడ్ల మీదే ఎక్కువ. సొంత గుర్రం, సొంత బండి, పక్క బండివాడితో మాటామాటా. న్యూయార్కులో హార్లెమ్ లేన్ అనే బాట మీద రైల్వే కోటీశ్వరుడు కమొడోర్ వాండర్‌బిల్ట్, ‘న్యూయార్క్ లెడ్జర్’ పత్రికాధిపతి రాబర్ట్ బానర్ జోడుగుర్రాలు కట్టి ఒకరినొకరు దాటుకుపోవడం ఆ రోజుల్లో ఊరందరికీ వినోదం. బానర్‌ది వింత నియమం. ప్రపంచంలోకల్లా వేగంగల గుర్రం తన లాయంలో ఉండాలి, కాని పందెం కాయకూడదు, పందెంలో పెట్టకూడదు. కొనడం, తనే తోలుకోవడం, అంతే. పత్రికలవాళ్ళలో ఇటువంటి మనుషులు కూడా ఉండేవారని చెబితే మా మిత్రులు నమ్మరు.

అంతకుముందు లేడీ సఫక్ అనే తెల్లగుర్రం కథ ఉంది. బండి లాగే పనిలోంచి వచ్చింది. 1838లో మొదటి పందెంలో గెలిచింది 11 డాలర్లు. డేవిడ్ బ్రయన్ అనే ఆయన దానికి యజమాని, శిక్షకుడు, సారథి, సర్వమూను. 1845లో హోబోకెన్‌లో మైలు దూరాన్ని 2 నిమిషాల 29½ సెకన్లలో దాటింది. బండి కట్టిన గుర్రం రెండున్నర నిమిషాల లోపు మైలు పోవడం అదే మొదటిసారి. పగ్గాలు పట్టింది బ్రయనే. చాలా ఏళ్ళ పాటు ఆ గుర్రాన్ని ఊరూరా తిప్పాడు. గుర్రం గొప్పదా, బ్రయన్ గొప్పవాడా అంటే నేను గుర్రానికే ఓటు వేస్తాను. ఏళ్ళ తరబడి అంత చాకిరీ చేసి కూడా అది నిలబడిందంటే ఆ గొప్ప దానిదే.

అప్పటి పందాలకూ ఇప్పటివాటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అది తెలియకపోతే ఈ తగాదా అర్థం కాదు. అప్పుడు ఒక్క పరుగుతో పందెం తేలేది కాదు. ఒకే మధ్యాహ్నం అదే గుర్రాలు మళ్ళీమళ్ళీ మైలు పరుగెత్తాలి. ఒక్కొక్క దాన్ని హీట్ అంటారు. అయిదింట్లో మూడు గెలిచినది విజేత. మధ్యలో గుర్రాన్ని విప్పి, చెమట తీసి, దుప్పటి కప్పి, కాస్త నడిపించి, నీళ్ళు ఎన్ని గుక్కలు ఇవ్వాలో అన్నీ ఇచ్చి, మళ్ళీ కట్టాలి. రెండో హీట్‌లో ఎంత ఖర్చు పెట్టాలి, నాలుగో దానికి ఎంత దాచాలి, ఇది ఆ గుర్రం ఊపిరి తెలిసినవాడికే సాధ్యం. పందెం మొదలుపెట్టడం కూడా ఇప్పటిలాగా సులువు కాదు. అన్నీ ఒక వరసలో వస్తే గాని ‘పో’ అనరు. ఒకటి వెనకబడితే అందరినీ వెనక్కి పిలుస్తారు. అలా నాలుగుసార్లు పిలిస్తే బెదురు గుర్రానికి సగం ప్రాణం అక్కడే పోతుంది. దాన్ని బుజ్జగించి నిలబెట్టాలంటే ముక్కూ మొహం తెలియని మనిషి వల్ల అవుతుందా? పైగా 1873లో గ్రాండ్ సర్క్యూట్ అని మొదలైంది. క్లీవ్‌లండ్, బఫెలో, యుటికా, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళలో వరసగా పందాలు. గుర్రాలూ మనుషులూ గడ్డీ ఒకే రైల్లో ప్రయాణం. మన సురభివాళ్ళు ఊరూరా నాటకాలాడినట్టే. అలాంటి సంచారంలో రాజు వేషం వేసేవాడే తెర కూడా లాగుతాడు.

ఆ కాలానికి పెద్ద పేరు హైరమ్ వుడ్రఫ్. ‘ది ట్రాటింగ్ హార్స్ ఆఫ్ అమెరికా’ అనే పుస్తకం ఆయనదే. 1868లో అచ్చయింది, ఆయన పోయిన మరుసటేడు. కొరడా కంటే ఓర్పు ఎక్కువ పని చేస్తుందని నమ్మిన మనిషి. డెక్స్‌టర్ అనే గుర్రం ఆయన చేతిలో తయారైంది. 1867 మార్చిలో వుడ్రఫ్ కన్నుమూశాడు. ఆగస్టులో బఫెలోలో ఆ గుర్రం 2 నిమిషాల 17¼ సెకన్లలో మైలు కొట్టి ప్రపంచ రికార్డు పెట్టింది. అప్పుడు పగ్గాలు బడ్ డోబుల్ అనే కుర్రవాడి చేతిలో ఉన్నాయి. ముప్పయివేల పై చిలుకు డాలర్లు పోసి డెక్స్‌టర్‌ని కొన్నది మన రాబర్ట్ బానరే. ఇంకేముంది, దాని పందాలకు స్వస్తి! చెట్టు పెట్టింది ఒకరు, కాయ కోసింది ఒకరు, తిన్నది మరొకరు. బడ్ డోబుల్ మాత్రం ఆ ఒక్క కాయతో ఆగలేదు. 1874లో గోల్డ్‌స్మిత్ మెయిడ్‌ని 2 నిమిషాల 14కి తెచ్చాడు. 1892లో, పెద్ద కట్టెచక్రాలు పోయి సైకిలు చక్రాలూ గాలి టైర్లూ వచ్చిన ఏడు, నాన్సీ హాంక్స్‌తో 2 నిమిషాల 4 సెకన్లు. పాతికేళ్ళలో పదమూడు సెకన్లు. అందులో గుర్రం వాటా ఎంత, గాలి టైరు వాటా ఎంత, డోబుల్ వాటా ఎంత అని తేల్చడానికి ఇప్పుడు ఏ పంచాయితీ పెట్టాలో!

ఇరవయ్యో శతాబ్దంలో సగం దాకా శిక్షకుడే సారథి అన్నది రూలు కాకపోయినా ఆచారం. ఆచారానికి తూట్లు పడటం 1940లో మొదలైంది. ఆ ఏడు న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్‌లో రూజ్‌వెల్ట్ రేస్‌వే తెరిచారు. కరెంటు దీపాల కింద రాత్రి పూట పందాలు, టోట్ మీద డబ్బు కట్టడం. ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, పందాలకు పోయే జనానికి అయిదు హీట్లు చూసే తీరిక ఎక్కడిది? ఒక్క పరుగుతో తేలిపోవాలి. రాత్రికి ఎనిమిదో తొమ్మిదో పందాలు. 1946లో కారుకు రెండు రెక్కలు తగిలించి స్టార్టింగ్ గేటు చేశారు. కారు ముందు పోతుంది, గుర్రాలు దాని రెక్కల వెనక వరసగా వస్తాయి, గీత దగ్గర రెక్కలు ముడుచుకుని కారు పక్కకు తప్పుకుంటుంది. వెనక్కి పిలవడాల బాధ తగ్గింది. చూశారా, హీట్లూ పోయాయి, బెదురు పుట్టించే ఆరంభమూ పోయింది. గుర్రం ప్రాణం తెలిసినవాడే కూర్చోవాలన్న దానికి ఉన్న బలమైన కారణాలు రెండూ ఇలా జారిపోయాయి. వాదనలో ఓడి కాదు సుమండీ, దీపాలు పెట్టినందువల్ల, కారుకు రెక్కలు కట్టినందువల్ల.

అయినా ఆచారం అంత తొందరగా చావలేదు. నిజానికి ఆరిపోబోయే దీపంలాగా అప్పుడే బాగా వెలిగింది. డెల్విన్ మిల్లర్, జో ఓబ్రయన్, ఫ్రాంక్ ఎర్విన్, బిల్లీ హాటన్, స్టాన్లీ డాన్సర్, వీళ్ళంతా తమ లాయంలోని గుర్రాలను తామే తోలుకున్నవాళ్ళు. 1966లో యాంకర్స్‌లో బ్రెట్ హానోవర్‌కూ కార్డిగన్ బేకూ జరిగిన పోటీకి ఇసక వేస్తే రాలనంత జనం. ఒక గుర్రం వెనక ఎర్విన్, ఇంకో దాని వెనక డాన్సర్. ఇద్దరూ ఉదయం గుర్రాల సంగతి చూసుకుని రాత్రి పగ్గాలు పట్టినవాళ్ళే. ఆ పోటీలో కార్డిగన్ బే గెలిచింది, తరవాతి దాంట్లో బ్రెట్ హానోవర్ పగ తీర్చుకుంది. కార్డిగన్ బే న్యూజీలండ్ గుర్రం. తుంటి ఎముక విరిగి ఒక పక్కకు దిగిపోయి ఉండేది. 1968లో పది లక్షల డాలర్ల ఆర్జన దాటిన మొదటి బండిగుర్రం అయింది. అవిటిగుర్రం మీద అంత నమ్మకం పెట్టుకోవాలంటే తెల్లవారుజామున దాని వెనక కూర్చుని రోజూ చూసినవాడికే చెల్లుతుంది.

ఈ పందాల్లో హాంబుల్టోనియన్ అంటే మన సంక్రాంతి లాంటిది. 1926లో మొదలైంది, మూడేళ్ళ ట్రాటర్లకు. 1968 నుంచి 1983 దాకా జరిగిన 16 పందాల్లో డాన్సర్ నాలుగు, హాటన్ నాలుగు, హోవర్డ్ బైసింగర్ మూడు గెలిచారు. అంటే 11 ముగ్గురి చేతిలోనే! ముగ్గురూ తాము తయారుచేసిన గుర్రాలనే తోలారు. దీన్ని బట్టి ‘పెంచినవాడే తోలాలి’ అని తీర్పు చెప్పేద్దామా? ఆగండి. 1987 నుంచి 2006 లోపల జాన్ క్యాంబెల్ అనే కెనడా మనిషి ఒక్కడే ఆరు గెలిచాడు. ఆరింట్లో ఒక్క గుర్రానికీ ట్రైనర్ ఆయన కాదు. ఒకదానికి, 1995లో గెలిచిన టాగ్లియాబూకి, ట్రైనర్ ఆయన తమ్ముడు జిమ్. అన్నకు పగ్గాలు, తమ్ముడికి లాయం! ఉమ్మడి కుటుంబాల్లో వ్యవసాయం ఒకరు, వ్యవహారం ఒకరు చూసుకున్నట్టు.

పదిహేనేళ్ళలో ఇంత మార్పు ఎలా వచ్చిందంటారా? అంతకు ముందే క్యూబెక్ నుంచి హెర్వే ఫిలియన్ అనే ఘనుడు వచ్చాడు. ఎవరి గుర్రమైనా సరే, పిలిస్తే కూర్చుంటాడు. వీళ్ళను క్యాచ్ డ్రైవర్లు అంటారు. 1968లో ఒక్క ఏడాదిలో 407 పందాలు గెలిచాడు, అప్పటిదాకా ఎవరూ నాలుగు వందలు దాటలేదు. 1989లో 814. మొత్తం జీవితంలో 15 వేల పైచిలుకు. పగలు ఒక ట్రాక్, రాత్రి ఒక ట్రాక్. గుర్రాలకు గడ్డి వేసే తీరిక ఉన్నవాడికి ఈ అంకెలు రావు. తరవాత 1976లో న్యూజెర్సీలో మెడోలాండ్స్ ట్రాక్ తెరిచారు. డబ్బు పెద్దది, ట్రాక్ మైలు చుట్టు, వేగం ఎక్కువ. సల్కీల నమూనా కూడా ఆ రోజుల్లోనే మారింది. అక్కడ రాత్రికి పది పందాలుంటే పదింట్లోనూ కూర్చునే క్యాచ్ డ్రైవరుకు ఒక లాభం ఉంది. పోయిన వారం ఎదుటివాడి గుర్రాన్ని కూడా తనే తోలి ఉంటాడు. ఆఖరి మలుపులో ఏది ఎటు తూలుతుందో, ఏది పావుమైలు ముందే పంటి బిగువు వదిలేస్తుందో అతనికి ఎరుక. ట్రైనరుకు తన గుర్రం బాగా తెలుసు. క్యాచ్ డ్రైవరుకు పందెం బాగా తెలుసు. ఏది ముఖ్యం?

డబ్బు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఏదో శాస్త్రచర్చ అనుకుంటారు. అమెరికాలో గెలిచిన సొమ్ములో ట్రైనరుకు 5 శాతం, డ్రైవరుకు 5 శాతం ఇవ్వడం వాడుక. పందెం సొమ్ము 10 వేల డాలర్లయితే గెలిచిన గుర్రానికి సగం, అంటే 5 వేలు వస్తాయి. అందులో 250 ఒకరికి, 250 ఒకరికి. ఇద్దరూ ఒక్కరే అయితే 500. పెద్ద లాయంవాళ్ళకు ఇది లెక్కలోకి రాదు. నాలుగు గుర్రాలతో బతుకీడ్చే చిన్న ట్రైనరుకు ఆ 250 అంటే గడ్డి ఖర్చు.

ఎడిసన్‌లో మా మేనల్లుడి దగ్గర ఉన్నప్పుడు ఓ మధ్యాహ్నం ఫ్రీహోల్డ్ రేస్‌వేకి వెళ్ళాం. 1853 నాటి అరమైలు ట్రాక్ అది. 2024 డిసెంబరులో మూసేశారు. జనం పలచగా ఉన్నారు, ముసలివాళ్ళే ఎక్కువ. ప్రోగ్రాం కాగితం చూసి ట్రైనరూ డ్రైవరూ ఒకే పేరున్న గుర్రం మీద రెండు డాలర్లు పెడదామన్నాను.

“వద్దు మావయ్యా. సొంతంగా తోలుకుంటున్నాడంటే మంచి డ్రైవర్లెవరూ దొరకలేదన్నమాట. ఇక్కడందరూ అలాగే లెక్కేస్తారు.”

“వాడి గుర్రం సంగతి వాడికి తెలీదుట్రా?”

“తెలిస్తే మంచి డ్రైవర్నే పెట్టుకునేవాడుగా!”

ఈ తర్కానికి జవాబు నాకు తోచలేదు గాని ఆ గుర్రం మీదే పెట్టాను. నాలుగోది వచ్చింది. మావాడు ఏమీ అనలేదు, అదీ ఒక మర్యాదే.

జనం అనుమానాలు ఒకలా ఉండవు. సొంతంగా తోలితే చేతగాక అంటారు. ఒకే పందెంలో ఒకే లాయం నుంచి రెండు గుర్రాలుండి, ట్రైనర్ ఒకదాని వెనక కూర్చుంటే, రెండోది ఎందుకు దిగిందో అని గుసగుసలు. ముందు పోయి ఎదుటివాణ్ణి అలవగొట్టడానికా, దారి అడ్డం పెట్టడానికా అని. ఈ కారణం చేతనే రెండు పనులూ ఒకడి చేతిలో ఉండకూడదనేవాళ్ళున్నారు. నాకు ఇది అంత గట్టి వాదనగా కనబడదు. దొంగబుద్ధి ఉన్నవాడికి గట్టు మీద నిలబడి కూడా చేతులుంటాయి.

ఈ తగాదాలో నన్ను కదిలించినవి రెండు కథలు. రెండూ 1980లోవే.

ఒకటి నయట్రాస్ కథ. పేసర్లలో అంత గుర్రం అప్పటిదాకా పుట్టలేదు. క్లింట్ గాల్‌బ్రెత్ దానికి ట్రైనరు, డ్రైవరు, వాటాదారు. ఆ ఏడు జులైకి అది ఓటమి ఎరగదు. సారటోగాలో లోపలి కమ్మీ మీంచి అవతలకు పడిపోయింది. కోలుకుని మెడోలాండ్స్‌లో దిగితే నడక తప్పి నాలుగోది అయింది. ఓటమి ఎరగని గుర్రం కొద్ది రోజుల్లో రెండుసార్లు ఓడితే జనం ఏమంటారో ఊహించడం కష్టమా? గుర్రానిది తప్పనరు. గాల్‌బ్రెత్ పక్కకు తప్పుకోలేదు. తరవాత కొద్ది రోజులకే ఆ మెడోలాండ్స్‌లోనే ఫైనల్ గెలిచాడు. బండిగుర్రాల పందాల్లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి పందెం అది. అక్టోబరు 1న లెక్సింగ్టన్‌లో గడియారంతో పోటీ. 1971లో జో ఓబ్రయన్ స్టెడీ స్టార్‌తో పెట్టిన 1 నిమిషం 52 సెకన్ల రికార్డు తొమ్మిదేళ్ళుగా నిలిచి ఉంది. నయట్రాస్ 1 నిమిషం 49 సెకన్ల ఒక భాగంలో, అంటే సెకనులో అయిదో వంతు ఎక్కువలో, మైలు దాటేసింది. సెకనులో అయిదో వంతుల కోసం ఏళ్ళు తపస్సు చేసే ఆటలో దాదాపు మూడు సెకన్లు! మొత్తం మీద 39 పందాల్లో 37 గెలిచింది. ఆ రెండు ఓటముల మధ్య గాల్‌బ్రెత్ పగ్గాలు ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇవ్వకపోవడం మొండితనమా, నమ్మకమా? గెలిచాడు కనుక నమ్మకం అంటున్నాం.

రెండోది బిల్లీ హాటన్ కథ. ఆయన కొడుకు పీటర్ కూడా మంచి డ్రైవరు. 1980 జనవరిలో కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్ళ వయసు. ఆ ఏడు హాంబుల్టోనియన్‌కి వాళ్ళ లాయంలో బర్గోమైస్టర్ అనే గుర్రం ఉంది. కొడుకు తోలవలసినది. వేసవి చివర డుక్వాయిన్‌లో దాని వెనక తండ్రి కూర్చున్నాడు, గెలిచాడు. రెండేళ్ళకు, 1982లో, స్పీడ్ బౌల్‌ను తయారుచేసి పగ్గాలు ఇంకో కొడుకు టామీకి ఇచ్చాడు. అదీ గెలిచింది. అక్కడితో ఆయన తోలడం మానేసి ఉంటే బాగుండునని కథ తెలిసినవాళ్ళకు అనిపిస్తుంది. మానలేదు. 1986 జులైలో యాంకర్స్‌లో పందెంలో పడి తలకు దెబ్బ తగిలింది, పది రోజులకు పోయాడు. 62 ఏళ్ళు. 4,910 పందాలు గెలిచిన చెయ్యి. బరువు అడ్డం రాదు, వయసు అడ్డం రాదు అని మొదట్లో నేను చెప్పిన సౌకర్యానికి ఇది రెండో వైపు. జాకీకి ముప్పయ్యయిదో నలభయ్యో వచ్చేసరికి ఒళ్ళే చెబుతుంది, ఇక చాలని. బండి తోలేవాడికి చెప్పేవారెవరు? లాయం తనది, గుర్రం తనది.

ఫ్రాన్సులో ఈ సంగతి ఇంకో రకం. పారిస్ పక్కన వెన్సెన్‌లో ప్రి ద’మెరీక్ అని ఏటా జనవరి చివర పెద్ద పందెం. రోకెపీన్ అనే ఆడగుర్రం 1966, 67, 68 మూడేళ్ళూ గెలిచింది. మొదటిసారీ మూడోసారీ తోలింది జాన్ రెనె గూజోన్ అనే మహా సారథి. మధ్యలో 1967లో మాత్రం దాన్ని తయారుచేసిన ఆన్రి లెవెక్ తనే తోలాడు. గుర్రం తేడా ఏమీ చూపలేదు! ఇటువంటి గుర్రాలు దొరికితే ఈ వ్యాసమే అక్కర్లేదు. 2022లో జాన్ మిషెల్ బజీర్ తను తయారుచేసిన డేవిడ్సన్ ద్యు పోన్ వెనక తన కొడుకు నికొలాను కూర్చోబెట్టాడు. ఆ పందెం అప్పటికి పలుమార్లు గెలిచిన తండ్రి ఆయన. గుర్రం అందరినీ ఆశ్చర్యపరిచి గెలిచింది.

నా మట్టుకు నాకు తోచేది ఇది. కుర్ర గుర్రాన్ని, రెండేళ్ళ దాన్ని, మొదటి పందాల్లో శిక్షకుడే తోలాలి. ఆ వయసులో గుర్రం గెలవడం కంటే భయపడకుండా ఇంటికి రావడం ముఖ్యం. అద్దె సారథికి ఆ ఓపిక ఉండదు, ఉండమనడం న్యాయమూ కాదు. అతనికి తరవాతి పందానికి ఇంకో గుర్రం సిద్ధంగా ఉంది. గుర్రం ఎదిగాక మాత్రం పగ్గాలు ఇంకొకరి చేతిలో ఓసారి పెట్టి చూడాలి. ఎందుకంటే పెంచినవాడికి గుర్రం మీద ప్రేమ, ప్రేమ ఉన్నచోట కళ్ళు సరిగా కనబడవు. మన పిల్లవాడి పరీక్ష పేపరు మనం దిద్దితే ఎన్ని మార్కులు వేస్తాం? పరాయివాడు తోలి దిగి, ‘దీనికి ఆఖరి పావుమైలులో దమ్ము లేదండీ’ అంటే ముందు కోపం వస్తుంది గాని ఆ మాట అవసరం. ఇంకో సంగతి. రెండు పనులూ విడిపోయాకనే ఆడవాళ్ళు పెద్ద ట్రైనర్లుగా ముందుకు రాగలిగారని నా ఊహ. 2012లో మార్కెట్ షేర్‌తో హాంబుల్టోనియన్ గెలిచిన లిండా టోస్కానో ఆ పందెం గెలిచిన మొదటి మహిళా ట్రైనర్. తోలింది టిమ్ టెట్రిక్.

పాత ఆచారం మాత్రం పూర్తిగా పోలేదు. స్వీడన్ నుంచి, నార్వే నుంచి వచ్చినవాళ్ళు దాన్ని అమెరికాకు తిరిగి మోసుకొచ్చారు. 2004లో ట్రోండ్ స్మెడ్స్‌హామర్, 2021లో ఓకె స్వాన్‌స్టెట్ తమ గుర్రాలను తామే తోలి హాంబుల్టోనియన్ గెలిచారు. స్వీడన్‌వాడే జిమ్మీ టాక్టర్ కూడా. ఈయన రెండు పద్ధతులూ ఎరిగిన మనిషి. 1999లో తన మోనీ మేకర్‌ను ప్రి ద’మెరీక్‌కు తీసుకుపోయి, అక్కడి ట్రాక్ అక్కడివాడికే తెలుస్తుందని పగ్గాలు ఇందాక చెప్పిన బజీర్‌కు ఇచ్చాడు, గెలిచాడు. 2014 హాంబుల్టోనియన్‌లో ఆయన లాయం నుంచి ఒకటికి మించి పెద్ద గుర్రాలు దిగాయి. జనం డబ్బంతా ఫాదర్ పాట్రిక్ మీద. దాని వెనక పేరుమోసిన క్యాచ్ డ్రైవరు యానిక్ జింగ్రా. ఇంకోదైన ట్రిక్‌స్టన్ వెనక టాక్టర్ తనే కూర్చున్నాడు. గేటు కారు తప్పుకునే వేళకు ఫాదర్ పాట్రిక్ నడక తప్పి దౌడులోకి పోయింది, దాని పందెం అక్కడితో సరి. ట్రిక్‌స్టన్ గెలిచింది. ఒక చేత్తో హాంబుల్టోనియన్ అందుకుని, రెండో చేత్తో పోగొట్టుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకు కోరిక.

2018లో టాక్టర్ ట్రైనింగ్ పని మానుకున్నాడు. లాయం కూతురు నాన్సీ చేతికి వచ్చింది. 2024లో ఆమె తయారుచేసిన కార్ల్ అనే గుర్రం హాంబుల్టోనియన్ గెలిచింది. తోలినవాడు యానిక్ జింగ్రా. పదేళ్ళ కిందట ఫాదర్ పాట్రిక్ వెనక కూర్చున్న ఆ జింగ్రాకు అది మొదటి హాంబుల్టోనియన్.